గోనె సంచుల పంతం

సరుకులూ సంధులూ – 9వ భాగం

పంట ఏ దేశంలో పండినా కళ్లం దాటాలంటే సంచి కావాలి. 1946లో దక్షిణాఫ్రికా మొక్కజొన్న రైతుకు ఆ సంచి హుగ్లీ నది ఒడ్డున ఉన్న మిల్లుల నుంచి వచ్చేది. జనపనార అనేది లోకం మొత్తానికి దాదాపు బెంగాల్ నేలమీదే పండేది మరి. గింజ ఒలిచి, ఆరబోసి, రైలెక్కించే వేళకు గోనె చేతికి అందకపోతే ఆ రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే.

1946 జూలై 17న ఆ గోనె ఆగింది. దాంతోపాటు తక్కిన సరుకులన్నీ ఆగాయి. దక్షిణాఫ్రికాకు ఏమీ అమ్మం, అక్కడి నుంచి ఏమీ కొనం అని భారత ప్రభుత్వం ప్రకటించింది. ఒక దేశం తన మనుషుల్ని రంగు చూసి వేరుచేస్తోందన్న కారణంతో మరో దేశం దానితో వర్తకం మొత్తం తెంచుకోవడం అదే మొదలు.

ఇందులో రెండు చిత్రాలున్నాయి. నష్టం ఎక్కువ ఎవరికని లెక్క వేస్తే అది మనకే. అప్పట్లో భారత ఎగుమతుల్లో దక్షిణాఫ్రికా వాటా 5.5 శాతం, దిగుమతుల్లో ఒకటిన్నర శాతం. అంటే మనం వాళ్లకు అమ్ముకునేవాళ్లం. శెట్టిగారే కొట్టు అరుగు మీద నిలబడి, పెద్ద ఖాతాదారుణ్ణి పట్టుకుని, నీకు సరుకు ఇవ్వను పొమ్మన్నట్టుంది వ్యవహారం. ఇక రెండోది: ఆ శెట్టిగారికి కొట్టు ఇంకా సొంతం కాలేదు. ఢిల్లీలో గద్దె మీద ఉన్నది వైస్రాయి వేవెల్. నెహ్రూ తాత్కాలిక ప్రభుత్వం రావడానికి ఇంకా నెలన్నర ఉంది. బ్రిటిష్ సామ్రాజ్యంలో ఒక ముక్క, అదే సామ్రాజ్యంలోని ఇంకో ముక్క మీద ఆంక్ష పెట్టింది!

అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే కిందటి వారం డర్బన్ రేవులో వదిలేసి వచ్చిన ఓడ దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

ఆ ఓడ పేరు ట్రూరో. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి తెచ్చిన 342 మందిని, డర్బన్ ఉన్న నేటాల్‌లోని చెరకు తోటల కోసం దించింది. అప్పటి నుంచి 1911 దాకా అలా దిగినవాళ్లు మొత్తం 1,52,184 మంది. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. వాళ్లలో తమిళుల తరవాత మనవాళ్లు: విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పల్లెల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. ఓడల జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. చివరి గడిలో ఒంటిమీది గుర్తులు. సంతలో ఎద్దును కొనేవాడు సుడులు చూసుకున్నట్టే ఇదీను.

అయిదేళ్ల గిర్మిట్, అంటే కూలీ ఒప్పందం, ముగిసినవాడు వెనక్కి పోవాలి, లేకపోతే మళ్లీ గిర్మిట్‌లో చేరాలి. రెండూ కాదు, ఇక్కడే నా బతుకు నేను బతుకుతానంటే 1895 చట్టం ప్రకారం ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. ఈ మూడు పౌన్లను పుస్తకాల్లో చదివి దాటేస్తుంటాం. కొంచెం ఆగి లెక్క చూద్దాం. తోట కూలీకి మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. పౌనుకు ఇరవై షిల్లింగులు. అంటే ఆ పన్ను ఆరు నెలల కూలి. తరవాత దాన్ని పదహారేళ్లు దాటిన కొడుక్కీ, పదమూడేళ్లు దాటిన కూతురికీ కూడా అంటగట్టారు. మొగుడూ పెళ్లామూ ఎదిగిన ఇద్దరు పిల్లలూ ఉన్న ఇల్లయితే ఏడాదికి పన్నెండు పౌన్లు. మనిషిని పొమ్మనకుండా పొగపెట్టడం అంటే ఇదే.

దీనికి ఇక్కడి నుంచి ఏం చేయగలం? గోపాలకృష్ణ గోఖలేకు ఒక సంగతి తట్టింది. నేటాల్ తోటల యజమానులకు మన మనుషులు గిట్టరు, కానీ మన కూలీలు లేకపోతే వాళ్లకు పూట గడవదు. అయితే ఆ కూలీలనే ఆపేస్తే? 1910 ఫిబ్రవరి 25న ఇంపీరియల్ శాసన మండలిలో ఆయన తీర్మానం పెట్టారు, ప్రభుత్వం ఒప్పుకుంది. 1911 జూలై 1 నుంచి నేటాల్‌కు గిర్మిట్ కూలీల ఎగుమతి బంద్ అయింది. 'ఎగుమతి' అన్న మాట కావాలనే వాడాను. 1946 నాటి గోనెల ఆంక్ష వెనక ముప్పై అయిదేళ్ల కిందటి ఈ మనుషుల ఆంక్ష ఉంది. దీన్ని చాలా పుస్తకాలు గాంధీ సత్యాగ్రహం పక్కన ఒక వాక్యంలో తేల్చేస్తాయి. నా మటుకు నాకు వలస పాలనలోని భారతదేశం ఒక విదేశీ ప్రభుత్వాన్ని వర్తకంతో అదిలించడం అక్కడే మొదలైందనిపిస్తుంది. పన్ను మాత్రం దాంతో పోలేదు. 1913లో బొగ్గు గనుల్లో, చెరకు తోటల్లో వేలమంది పని మానేసి, దెబ్బలు తిని, జైళ్లు నింపాక 1914లో రద్దయింది. బయటి ఒత్తిడి ఒకటే ఉంటే రద్దయ్యేది కాదేమో.

తరవాత మెతక దౌత్యం రోజులు వచ్చాయి. 1927లో కేప్‌టౌన్ ఒప్పందం కుదిరింది. భారత ప్రభుత్వం తరఫున ఒక ఏజెంటు అక్కడ ఉంటాడు, పాలకులతో మంచిగా మాట్లాడి మనవాళ్ల స్థితి మెరుగుపరుస్తాడు. మొదటి ఏజెంటు శ్రీనివాస శాస్త్రి. ఆయన తరవాత 1929లో వెళ్లినది మన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. రాజమండ్రిలో పుట్టి, ఏలూరులో వకీలుగా పేరు తెచ్చుకున్న జస్టిస్ పార్టీ నాయకుడు, తరవాత కొన్నాళ్లు మద్రాసు ప్రీమియరు. 1932 దాకా ఆయన అక్కడున్నారు. ఆయన ఉండగానే 1931లో అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అది ఈనాటికీ నడుస్తోంది.

వరసగా వచ్చిన ఈ పెద్దమనుషుల వల్ల బడులు వచ్చాయి, కొన్ని చట్టాలు కొన్నాళ్లు వెనక్కి జరిగాయి. అయితే విన్నపాలతో చట్టం వాయిదా పడిందే గానీ ఆగిపోలేదు. 1943లో 'పెగ్గింగ్ చట్టం' వచ్చి, డర్బన్‌లో తెల్లవాళ్ల దగ్గర ఇల్లూ స్థలమూ కొనకుండా భారతీయులకు మేకు దిగ్గొట్టింది. 1946 జూన్ మొదట్లో దాని పెద్దన్న వచ్చింది: ఆసియావాసుల భూమి హక్కు, భారతీయుల ప్రాతినిధ్యం చట్టం. మనవాళ్లు దానికి ముద్దుగా 'గెట్టో చట్టం' అని పేరు పెట్టారు. గీత గీసిన పేటల్లోనే కొనాలి, అక్కడే ఉండాలి. ఇందుకు బదులుగా పార్లమెంటులో ప్రాతినిధ్యం ఇచ్చారు. కాకపోతే ఆ కుర్చీల్లో కూర్చునేది తెల్లవాళ్లే! అటుకులు మీవి, బెల్లం మీది, తినేది మేము అన్నట్టు.

బిల్లు ఇంకా సభలో ఉండగానే, 1946 మార్చిలో, సోరాబ్జీ రుస్తుంజీ మొదలైనవాళ్లు దక్షిణాఫ్రికా ఇండియన్ కాంగ్రెస్ తరఫున ఢిల్లీ వచ్చి వైస్రాయిని కలిశారు. వాళ్లు అడిగినవి: హైకమిషనర్‌ను వెనక్కి పిలవండి, వర్తకం తెంచండి, విషయాన్ని కొత్తగా పుట్టిన ఐక్యరాజ్య సమితికి తీసుకెళ్లండి.

వర్తకం తెంచమని అడిగింది ఎవరో చూడండి. డర్బన్ గ్రే స్ట్రీట్‌లో దుకాణాలు పెట్టుకున్న సమాజం అది. ఇండియా నుంచి చీరలు, పప్పులు, మసాలాలు తెచ్చి అమ్ముకోవడమే అక్కడ చాలామందికి జీవనాధారం. ఆంక్ష పడితే ముందు మూతపడేది వాళ్ల కొట్టే. అది తెలిసే అడిగారు. 'ఆంక్షలు పెడితే పేదవాళ్లకే దెబ్బ' అని ఈ రోజుకీ వినిపించే వాదన ఒకటుంది, అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ దెబ్బ తినబోయేవాడే వచ్చి, పరవాలేదు వేయండి అన్నప్పుడు, వాడి తరఫున జాలిపడే హక్కు అవతలి గట్టున ఉన్నవాడికి ఉంటుందా? ఈ ప్రశ్న ఈ కథలో ఇంకోసారి వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మార్చిలోనే వర్తక ఒప్పందం రద్దుకు మూడు నెలల నోటీసు వెళ్లింది. వైస్రాయి మండలిలో కామన్వెల్త్ సంబంధాలు చూసిన ఎన్. బి. ఖరే ముందు నుంచీ కటువుగా ఉండాలన్న పక్షం. హైకమిషనర్ ఆర్. ఎం. దేశ్‌ముఖ్‌ను వెనక్కి పిలిచారు. జూన్ 22న సమితికి ఫిర్యాదు వెళ్లింది. జూలై 17న పూర్తి నిషేధం.

ఈలోగా డర్బన్‌లో జూన్ 13 రాత్రి సత్యాగ్రహం మొదలైంది. గేల్ స్ట్రీట్, అంబిలో రోడ్డు కలిసే మూలన ఖాళీ జాగా ఒకటుంది. చట్టం లెక్కన అది భారతీయులు ఉండకూడని చోటు. అక్కడ గుడారాలు వేసి కూర్చున్నారు. తెల్ల రౌడీలు వచ్చి గుడారాలు పీకారు, మనుషుల్ని కొట్టారు. మర్నాడు మళ్లీ వేశారు. డాక్టర్ మాంటీ నాయికర్, డాక్టర్ యూసుఫ్ దాదూ ముందు నిలిచారు. రెండేళ్లలో సుమారు రెండు వేల మంది జైలుకు వెళ్లారు. జొహానెస్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం చదువుకుంటున్న ఒక నల్ల యువకుడు ఇదంతా దగ్గర నుంచి చూశాడు. క్లాసు వదిలి, ఇల్లు వదిలి జైలుకు వెళ్తున్న భారతీయ స్నేహితులను చూసి తనలో ఏం కదిలిందో ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆయన నెల్సన్ మండేలా.

ఇక సమితి సభ జరిగిన న్యూయార్క్. ఆ శరత్కాలంలో దక్షిణాఫ్రికా తరఫున వాదించడానికి స్వయంగా ప్రధాని జాన్ స్మట్స్ వచ్చారు. డెబ్బై ఆరేళ్ల ఫీల్డ్ మార్షల్. ఏడాది కిందట సమితి చార్టర్ పీఠికకు చిత్తు ప్రతి రాసింది ఈయనే. మానవ హక్కులన్న మాటకు ఆ పీఠికలో చోటు దొరకడంలో ఆయన చెయ్యి ఉంది. ఇప్పుడు అదే మనిషి లేచి, మా దేశంలో భారతీయుల సంగతి మా ఇంటి వ్యవహారం, మీకు సంబంధం లేదని వాదించారు. ఇదే స్మట్స్‌కు 1914లో గాంధీ తాను జైల్లో కుట్టిన చెప్పుల జత కానుకగా ఇచ్చి వచ్చారు. వాటిని ఎన్నో వేసవులు తొడుక్కుని, 1939లో గాంధీ డెబ్బయ్యో పుట్టినరోజుకు తిరిగి పంపారాయన. మనిషిలో గౌరవం ఉంది, విధానంలో లేదు. దౌత్య చరిత్రలో ఇలాంటివాళ్లతోనే కష్టం. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకోవచ్చు.

మన వైపు నాయకురాలు విజయలక్ష్మీ పండిట్. బయల్దేరే ముందు గాంధీ ఆమెకు చెప్పిన మాట ప్రసిద్ధం: వెళ్లి స్మట్స్‌తో చేయి కలిపి, ఆయన ఆశీర్వాదం అడుగు అని. ఆమె అడిగింది కూడా.

సభలో దక్షిణాఫ్రికా ఊరుకోలేదు. మరి మీ అంటరానితనం మాటేమిటి, మీ మతకల్లోలాల మాటేమిటి అని ఎదురు ప్రశ్న వేసింది. తప్పించుకునే ఎత్తే అది, సందేహం లేదు. కానీ ప్రశ్న అబద్ధం కాదు. ఆ వేసవిలోనే అమెరికా నల్లవాళ్లు సమితికి అర్జీ పెట్టుకున్నారని విని, దళితుల తరఫున అలాంటిదే పెట్టే ఆలోచనతో దాని ప్రతి తనకు పంపమని అంబేద్కర్ అక్కడి నల్లవాళ్ల నాయకుడు డబ్ల్యు. ఇ. బి. డు బాయ్స్‌కు ఉత్తరం రాశారు. ఇక మన తెలుగు నేల సంగతి తీసుకుంటే, ఢిల్లీ ఆంక్ష ప్రకటనకు సరిగ్గా పదమూడు రోజుల ముందు, జూలై 4న, నైజాం ఇలాకాలో కడవెండిలో దొరసాని గూండాల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కడా జరుగుతున్నది వెట్టి మీదా, భూమి మీదా పోరాటమే. డర్బన్ కోసం కదిలిన ఢిల్లీ కడవెండి కోసం కదల్లేదు. సంస్థానాలు వేరు కదా అనొచ్చు. స్మట్స్ చెప్పిన 'మా ఇంటి వ్యవహారం' కూడా అటువంటి మాటే. ఇంట్లో మురికి ఉన్నవాడు పొరుగింటి మురికి గురించి మాట్లాడకూడదని నేననను. అలాగైతే ఎవరూ ఎవరి గురించీ మాట్లాడలేరు. మాట్లాడినవాడు తన ఇంటి కేసి వేలు చూపినప్పుడు ఉలిక్కిపడకూడదు, అంతే.

1946 డిసెంబరు 8న ఓటింగు. మూడింట రెండొంతుల మెజారిటీ కావాలని సభ తేల్చింది. అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. బ్రిటన్, అమెరికా రెండూ వ్యతిరేకమే. వేసిన ఓట్లు 47, అందులో రెండొంతులంటే 31.33. అవతలి వైపుకు ఇంకొక్కరు జారుకుని ఉంటే తీర్మానం వీగిపోయేది! గెలిచాక విజయలక్ష్మి స్మట్స్ దగ్గరికి వెళ్లి, తన మాటల్లో ఎక్కడైనా కటువుదనం ఉంటే మన్నించమంది. ఈ గెలుపు డొల్ల గెలుపనీ, దీనివల్ల నేను వచ్చే ఎన్నికల్లో పోతాను గానీ మీకు ఒరిగేది ఉండదనీ ముసలాయన అన్నారని ఆమె తరవాత గుర్తు చేసుకున్నారు. 1948లో ఆయన తన సొంత స్టాండర్టన్ స్థానంలో కూడా ఓడిపోయారు. ఆయన కుర్చీలోకి మలాన్ వచ్చాడు. 'అపార్థైడ్' అన్న మాటను లోకం నేర్చుకోవాల్సి వచ్చింది.

అలా ఆయన జోస్యం ఫలించింది. 1950లో గ్రూపు ఏరియాల చట్టం వచ్చి, పాత గెట్టో చట్టాన్ని చిన్నపిల్లాట కింద మార్చేసింది. ఆంక్ష పెట్టిన ఇండియా పక్కకు ఇంకో దేశం రాలేదు. బ్రిటన్, అమెరికా వర్తకం ఎప్పటిలాగే సాగింది. మనకేమో 1947లో విభజన వచ్చి పడింది. జనపనార పొలాలు తూర్పు పాకిస్తాన్‌కు పోయాయి, మిల్లులు కలకత్తాలో మిగిలాయి. విదేశీ మారకం కోసం కొత్త దేశం గిలగిల్లాడుతున్న రోజులు. ఆంక్ష ఎత్తేయడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. అయినా ఎత్తలేదు. 1948లో గాట్ అనే వర్తక ఒప్పందంలో చేరినప్పుడు ఇండియా, దక్షిణాఫ్రికా రెండూ ఒకే గూటి సభ్యులయ్యాయి. ఒకరితో ఒకరికి వర్తించనక్కర్లేదనే వెసులుబాటు 35వ అధికరణంగా ఆ ఏడాదే చేరింది. దాన్ని వాడుకుని, దక్షిణాఫ్రికా వరకు ఆ ఒప్పందం తనకు చెల్లదని ఇండియా పక్కన పెట్టింది. 1954లో అక్కడి మన కార్యాలయానికి తాళం పడింది.

మీ ఇంట్లో అటక మీద తాతగారి కాలం పాస్‌పోర్టు ఉంటే తీసి చూడండి. ఏయే దేశాలకు చెల్లుతుందో రాసిన చోట, దక్షిణాఫ్రికాకు తప్ప అని ఉంటుంది. ఆ దేశం ఎక్కడుందో కూడా తెలియని మనిషి జేబులో కూడా ఆ ఆంక్ష ఉండేది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు అమృత్‌రాజ్ సోదరులున్న మన జట్టు చేరింది. అవతల దక్షిణాఫ్రికా. ఆడం అన్నాం. కప్పు ఆడకుండానే వాళ్లకు పోయింది. ఆ కప్పు మనం ఇప్పటికీ గెలవలేదు.

ఇంత పట్టుదలలోనూ చిల్లులు లేకపోలేదు. వజ్రాల సంగతే తీసుకోండి. సూరత్‌లో సానబట్టే పచ్చి రాళ్లు లండన్‌లోని డీ బీర్స్ అమ్మకపు సంస్థ ద్వారా వచ్చేవి. అందులో అనేక దేశాల గనుల రాళ్లు కలిసిపోయి ఉండేవి, దక్షిణాఫ్రికాలోని కింబర్లీ రాళ్లతో సహా. రాయికి పాస్‌పోర్టు అడిగేవారెవరు?

పదమూడేళ్లు ఇలా ఒంటరిగానే గడిచాయి. ఆ తరవాత 1959లో జమైకా కలిసింది. ఇంకా స్వాతంత్ర్యమే రాని చిన్న ద్వీపం, నార్మన్ మాన్లీ ప్రభుత్వం. అదే ఏడాది ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలీ, మా దేశపు సరుకు కొనకండి అని బయటి ప్రపంచాన్ని కోరారు. కష్టమైనా భరిస్తాం అన్నారు. 1946లో రుస్తుంజీ బృందం ఢిల్లీలో అన్న మాటే అది, ఈసారి అడిగింది అక్కడి అసలు ప్రజ. లండన్‌లో దక్షిణాఫ్రికా పళ్ల బుట్టల ముందు కుర్రాళ్లు అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డారు. 1960లో షార్ప్‌విల్‌లో నల్లవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. 1962 నవంబరు 6న సమితి సాధారణ సభ 1761వ తీర్మానం చేసింది: దౌత్య సంబంధాలు తెంచండి, మీ రేవుల్లోకి వాళ్ల ఓడల్ని రానివ్వకండి, వాళ్ల సరుకు కొనకండి. పదహారేళ్ల కిందట ఒక బానిస దేశం ఒంటరిగా చేసిన పనిని ఇప్పుడు లోకమంతా చేయమన్న మాట.

చేయమంది గానీ చేయించే బలం ఆ తీర్మానానికి లేదు. దాన్ని వెంటాడటానికి ఒక ప్రత్యేక కమిటీ పెట్టారు. పాశ్చాత్య దేశాల్లో ఒక్కటీ అందులో చేరలేదు. డబ్బు, వర్తకం, ఓడలు, బ్యాంకులు అన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్ల కుర్చీలే ఖాళీ. ఇలాంటి కమిటీలు రెండేళ్లు కాగితాలు నలిపి చల్లారిపోవడం మామూలే. 1963 ఏప్రిల్‌లో పని మొదలైనప్పుడు దీనికీ అదే గతి అనుకున్నారు.

ఆ కమిటీకి ముఖ్య కార్యదర్శిగా వచ్చిన ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగి నెల్లూరు జిల్లా గూడూరు దగ్గరి పల్లెలో పుట్టినవాడు. గాంధీ ఉద్యమంలో జైలుకెళ్లిన తండ్రికి కొడుకు. 1946లో చదువు కోసం న్యూయార్క్ చేరి, విజయలక్ష్మి సమితిలో వాదిస్తున్న ఆ నెలల్లోనే దక్షిణాఫ్రికా కాన్సులేట్ ముందు నల్లవాళ్ల ప్రదర్శనలో నిలబడ్డ విద్యార్థి. పేరు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. ఖాళీ కుర్చీల ఎదురుగా కూర్చుని ఆయన ఇరవై ఏళ్లు ఏం చేశారన్నది వచ్చే వారం.